కాళ్ళని మాట్లాడనీ

ఆ సినిమా మీరు చూసి ఉండరు. చూసినా మరిచిపోయి ఉంటారు. ఏడవాల్సిన చోట కథానాయిక నవ్వుతుంది, నవ్వాల్సిన చోట వానలో నిలబడుతుంది. అంతకు మించి నాకూ గుర్తులేదు. కానీ దాని పాటల కేసెట్టుంది చూశారూ, అది వేరే సంగతి. డకార్ నుంచి దార్ ఎస్ సలామ్ దాకా కుర్రకారంతా బస్సుల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళిపందిళ్ళలో పెట్టి పెట్టి అరగదీసిన కేసెట్టు అది. అందులో మొదటి వైపు మొదటి పాట మా వీధిది. ఆ పాటలో నేనున్నాను. నేనే లేకపోతే ఆ పాటే లేదు. గొప్పలు పోతున్నానని అనుకుంటే మా కాట్లెహాంగ్ వచ్చి ఎవరినైనా అడగండి. ఔననే చెబుతారు. కాకపోతే కాస్త నవ్వుతూ చెబుతారు.

నా ఇంటిపేరు రడేబే. అలా పిలిచేది పోలీసులొక్కరే. మిగతా లోకమంతా మా వంశం పేరుతో బుంగానే అంటుంది. ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదువుకున్నాను, అందులో సగం కాలం మాస్టారి ఆవుల్ని కాశాను. ఆ రోజుల్లో పదిహేను మంది పట్టే టాక్సీ నడిపేవాణ్ణి, కాట్లెహాంగ్ నుంచి జోహన్నెస్‌బర్గ్‌కీ అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికీ. తీరిక దొరికితే కన్సర్టీనా వాయించేవాణ్ణి. రెండు చేతుల మధ్య ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఊపిరి తీసే చిన్న పెట్టె అది. ఒకసారి జర్మిస్టన్ స్టేషన్లో నేను వాయిస్తుంటే రైలు కదలడం మరిచిపోయింది. డ్రైవరు ఇంజను దిగి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళిన వాళ్ళంతా నమ్మారు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎండాకాలం సంగతి. మా ఎండాకాలం అక్టోబరు ఉరుములతో మొదలై క్రిస్మస్‌కి ముదురుతుంది. డిసెంబరులో శనివారం వచ్చిందంటే ప్రతి వీధిలోనూ ఓ పెళ్ళి. పెళ్ళంటే మా దగ్గర అడుగులుండాలి. వీధి పిల్లలంతా రెండు వరసల్లో నిలబడి వారాల తరబడి సాధన చేస్తారు. పెళ్ళినాడు వధూవరులకు ముందుగా ఆ అడుగులు వేసుకుంటూ పందిట్లోకి రావాలి. అడుగు తప్పిన జట్టుని మళ్ళీ డిసెంబరు దాకా వెక్కిరిస్తారు. మా వీధిలో అడుగులు నేర్పేది మా ఆవిడ మాజ్వానే.

ఇంట్లో మాజ్వానే మాట వంటగది దాటదు. మెడలో విజిలు వేసుకుని వీధిలోకి దిగిందంటే మాత్రం కుక్కలు కూడా వరసలో నడిచేవి. ఆ ఏడు వీధి చివర ఖోజావాళ్ళ అమ్మాయి పెళ్ళి. మధ్యాహ్నం ఎండ కాస్త వాలగానే ఆవిడ విజిలు ఊదేది, పిల్లలు చేరేవారు, నేను బీరు సీసాల డబ్బా బోర్లించుకుని కూర్చుని పెట్టె వాయించేవాణ్ణి. అన్నేళ్ళుగా మా కాపురంలో నాకు బాగా నచ్చిన భాగం అదే: నేను వాయిస్తాను, ఆవిడ ఆడిస్తుంది. ఎవరివల్ల ఎవరు ఆడుతున్నారో నాకెప్పుడూ అనుమానం రాలేదు.

మా పెరట్లో రేకుల గదిలో లేఫా అనే కుర్రాడు అద్దెకుండేవాడు. గదిలో మంచం లేదు గాని మంచమంత స్పీకర్లున్నాయి, ఒక కంప్యూటరుంది. మా నల్లవాళ్ళ టౌన్‌షిప్పుల్లో పుట్టిన క్వైటో పాటలు కట్టేవాడు. డ్రమ్ము బరువుగా నడిచి వస్తుంటే మాట దాని వెనకాల జేబులో చేతులు పెట్టుకుని తీరిగ్గా వస్తుంది, అదీ క్వైటో అంటే. వాడు డ్రమ్ము మోగించాడంటే మా వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. దాన్ని సంగీతమని నేను ఒప్పుకోలేదు. వాడు అద్దె సరిగా ఇస్తాడని మాత్రం ఒప్పుకున్నాను.

ఒకరోజు వాడు నా టాక్సీ కిటికీ దగ్గరికొచ్చాడు.

“బాబా, శనివారం ఎక్కడికీ పోకు. టౌను నుంచి సినిమావాళ్ళొస్తున్నారు. మనింట్లో ఉన్నదేంటో వినాలంటున్నారు.”

“మనింట్లో ఏముందిరా?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“నీకు తెలీదా ఏంటి బాబా!” అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

తెలియకేం? ఇంట్లో సంగీతమంటే పెట్టె. పెట్టె అంటే నేను. శుక్రవారమే బూట్లకి పాలిష్ పెట్టాను. శనివారం ఈక ఉన్న టోపీ బయటికి తీశాను.

“ఎవరు పోయారు?” అంది మాజ్వానే.

“ఎవరూ పోలేదు.”

“మరి ఆ టోపీ ఎందుకు తీశావయ్యా? పొద్దున్నే గుండె ఝల్లుమంది.”

“ఇవాళ నన్ను రికార్డు చేస్తారే.”

“అయితే చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకో, ఒకటి మెట్టు తప్పింది,” అని తన విజిలు ఏప్రాన్‌ జేబులో వేసుకుని బయటికి పోయింది. 

సినిమా తరఫున వచ్చినావిడ పేరు దికెలెది. చిన్న కారు, పెద్ద నవ్వు. కారు ఆగినా అందులో పాట ఆగలేదు. నైరోబీ కుర్రాళ్ళదట ఒకటి, మాట మీద మాట తోసుకొస్తోంది. తర్వాత లాగోస్‌ది. ఆ తర్వాత లువాండాది, అది వింటే మనం చెప్పకుండానే నడుము కదులుతుంది. డకార్ పిల్లాడొకడు ఎవరినో కడిగిపారేస్తున్నాడు. ఎవరినో ఎందుకో తెలియలేదు గాని నా తల మాత్రం వాడి తరఫున ఊగింది.

“ఇవన్నీ మా సినిమాలోవే బాబా,” అంది దికెలెది. “ఆఫ్రికాలో పట్నపు వీధులన్నీ ఒకే కేసెట్టులో వినపడాలని మా పట్టుదల. మీ వైపు నుంచే ఒక్క పాట ఇంకా కుదరలేదు.”

“కుదిరిపోయిందనుకో తల్లీ,” అని డబ్బా బోర్లించుకున్నాను.

లేఫా మైకు తెచ్చి బట్టలారేసే తీగకి నా మేజోళ్ళ పక్కన వేలాడదీశాడు. మాజ్వానే విజిలు ఊదింది. వరసలు కదిలాయి. నేను మొదలుపెట్టాను. మామూలుగా మొదలుపెట్టి ఉంటే ఏ గొడవా లేకపోయేది. పట్నంనుంచి వచ్చిన మనిషి వింటోంది కదాని వేగం పెంచాను. ఇంకాస్త పెంచాను. పెట్టె బుసకొడుతోంది, నా భుజాలు రెక్కల్లా ఆడుతున్నాయి. వెనక వరస ముందు వరస మడమలు తొక్కింది. ఖోజావాళ్ళ చిన్నది జారి కూర్చుంది.

మాజ్వానే విజిలు నోట్లోంచి తీసింది.

“ఆగవయ్యా బుంగానే! నువ్వాగు! కాళ్ళని మాట్లాడనీ!”

ఆగిపోయాను. ఆవిడ నా మీద అలా అరవడం నేనెన్నడూ వినలేదు. చెయ్యి పైకెత్తి విజిలు రెండుసార్లు కొట్టింది. పిల్లలు పాట లేకుండానే అడుగులందుకున్నారు. మా అడుగుల్లో అసలు పస అక్కడే ఉంది: పాట ఆగిపోవాలి, అరికాళ్ళు మాత్రం వినపడాలి, మట్టి పైకి లేవాలి, మధ్యలో చప్పట ఒకటి తెగి పడాలి. దికెలెది కళ్ళు మూసుకుని వింది. తెరిచి లేఫా వంక చూసింది. వాడు ఆమె వంక చూశాడు. నా వంక ఎవరూ చూడలేదు.

“ఇంకోటి వాయించనా?” అన్నాను. “దీనికన్నా మంచిదుంది.”

“చాలు బాబా, చాలు. కావలసింది దొరికేసింది,” అంది.

నాకు ఆనందమే వేసింది. అంత తొందరగా దొరికేయడం నా గొప్పే అనుకున్నాను.

తర్వాతి వారాల్లో లేఫా గదిలోంచి బయటికి రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, వడగళ్ళు పడి వెలిశాక మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. ఇసుకబస్తా మీద నన్ను, ఉన్న ఒక్క కుర్చీ మీద మాజ్వానేని కూర్చోబెట్టి పాట పెట్టాడు.

ముందు నా పెట్టె మోగింది. నేను టోపీ సర్దుకున్నాను. ఒక ఊపిరి పట్టేంతసేపు మోగింది. అంతలో మాజ్వానే గొంతు, గదంత ఎత్తు గొంతు: “ఆగవయ్యా బుంగానే!” పెట్టె పుటుక్కున తెగింది. “కాళ్ళని మాట్లాడనీ!” కాళ్ళు, మట్టి, విజిలు. వాటి కిందనుంచి లేఫా డ్రమ్ము లేచి వచ్చింది. ఇక అది పోతూనే ఉంది. మధ్యమధ్య ఆవిడే మళ్ళీ, “ఆగవయ్యా బుంగానే!” అది వచ్చినప్పుడల్లా డ్రమ్ము ఆగుతుంది, కాళ్ళు వినపడతాయి, మళ్ళీ డ్రమ్ము దూకుతుంది.

నేను ఓపిగ్గా కూర్చున్నాను. పాట అయిపోతున్నట్టనిపించి అడిగాను.

“నాది ఎప్పుడొస్తుందిరా?”

“వచ్చింది కదా బాబా.”

“ఎప్పుడు?”

“మొదట్లో.”

“అది గొంతు సవరించుకోవడంరా! నేను వాయించింది ఎప్పుడొస్తుంది?”

“అదే బాబా,” అన్నాడు లేఫా, నిజంగా బాధపడుతూ. “నువ్వు మొదలెట్టకపోతే అమ్మ ఆపదు కదా. నువ్వు లేకపోతే పాటే లేదు.”

ఇందాక నేను చెప్పిన గొప్ప ఇదే. ఆ పాటలో నేనున్నమాట నిజం. నోరు మూసుకోమని చెప్పించుకోవడానికి ఉన్నాను.

మాజ్వానే నవ్వడం మొదలుపెట్టింది. ఏప్రాన్‌ నోటికడ్డం పెట్టుకుని, కుర్చీ కిర్రుమనేట్టు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “ఇంకోసారి పెట్టరా” అంటూ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. మా పెళ్ళైన కొత్తలో నేను రైలు కథ చెప్పినప్పుడు నవ్విన నవ్వు అది. ఎప్పుడో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు, దాచిపెట్టుకుంది. తీసుకెళ్ళి నిన్నగాక మొన్న మీసాలొచ్చిన వాడి కంప్యూటరు ముందు పోసింది. నేను ఇసుకబస్తా మీంచి లేచి బయటికొచ్చేశాను.

అప్పట్నుంచీ అన్నీ కళ్ళబడటం మొదలైంది. ఆవిడ లేఫాకి ముందు వడ్డించి తర్వాత నాకు వడ్డిస్తోంది. వాడి పళ్ళెంలో మొక్కజొన్న సంకటి గుట్టలా ఉంటోంది, పేగుల కూరలో మెత్తటి ముక్కలన్నీ అటే పోతున్నాయి. వండుతూ పాడుతోంది, అదీ నాది కాదు. పసుపు రంగు బూట్లు కొనుక్కుంది. వీధిలో పిల్లలు “ఈలమ్మా, ఈలమ్మా” అని వెంటబడుతున్నారు. దుకాణంలో ఒకావిడ నన్ను చూపించి, “ఈలమ్మగారి మొగుడు, చిల్లర ఇచ్చి పంపెయ్యండి” అంది. ఇరవై ఏళ్ళు అదే దుకాణంలో బుంగానేగా రొట్టె కొన్నవాణ్ణి నేను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. క్వైటో పాట ముందు రేడియోకి పోదు, టాక్సీకి వస్తుంది. కట్టినవాడు కేసెట్టు తెచ్చి డ్రైవర్లకిస్తాడు. వెనక సీట్లో వాళ్ళ భుజాలు కదిలితే పాట బతికినట్టు, కదలకపోతే కట్టినవాడు ఇంకో పాట చూసుకోవాలి. దికెలెదికీ ఆ సంగతి తెలుసు.

“అమ్మా, ఆమె దగ్గర ఇంకో పాట కూడా ఉందట, ప్రిటోరియా వైపు వాళ్ళది,” అని లేఫా చెప్పాడు. “సెలవులకి ఫ్యాక్టరీలు మూసేలోపు టాక్సీల్లో ఏది మోగితే అది సినిమాలోకి. ఒక్కటే తీసుకుంటారు. అందరికీ కేసెట్లిచ్చేశాను. మొదటిది మాత్రం బాబాకే.”

మొదటిది నా సీటు కింద ఉంది. స్పానరుకీ పాత గుడ్డకీ మధ్య.

నేనెవరికీ ఏమీ చెప్పలేదు. చెడుగా ఒక్క ముక్క అనలేదు. ఊరికే పెట్టలేదు, అంతే. ఎప్పట్లాగే నా పెట్టె వాయింపు నేనే ఎక్కించుకున్న కేసెట్టు మోగించుకున్నాను. టాక్సీ స్టాండులో నా వెనక బండి మసోంబుకాది. వాడికి నోరు పెద్దది, స్పీకర్లు ఇంకా పెద్దవి.

“ఏమోయ్ బుంగానే, మీ ఆవిడ పాట ఎప్పుడు పెడతావ్? నా కేసెట్టు ఎండకి వెన్నలా కరిగిపోయేట్టుంది.”

“పెట్టుకో. నేనొద్దన్నానా?”

“నీ ఇంటావిడ గొంతు నీ బండిలో మోగకముందే నా బండిలో మోగితే ఏం మర్యాద? జనం ఏమనుకుంటారు? ముందు నువ్వు పెట్టు, వెనకాల మేమంతా పెడతాం.”

“నా ప్లేయరు చెడిపోయింది.”

“పొద్దున్నుంచీ నీ పెట్టె కేసెట్టు మోగుతూనే ఉంది కదయ్యా!”

“అదొక్కటే పడుతోంది.”

మసోంబుకా నన్ను ఎగాదిగా చూసి, నూనెలో వేయించిన మాగ్విన్యా బన్ను ఒకటి నోట్లో కుక్కుకుని, నూనె వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. స్టాండులో అందరూ వాడిలాంటి వాళ్ళే. బండి మీదకి బండి ఎక్కిస్తారు, వరస తప్పితే కొట్టుకుంటారు, కానీ ఇంకొకడి భార్య గొంతు అతని కంటే ముందు మోగించరు. వాళ్ళ మర్యాదే నాకు గొళ్ళెమైంది. పాట బండ్ల అరల్లో పడి ఉంది. ప్రిటోరియా వాళ్ళ పాట మాత్రం అప్పుడప్పుడూ మోగుతోంది. వింటే ఒళ్ళు మండేంత బాగానే ఉంది.

ఇంట్లో మాజ్వానే ఒక్కసారే అడిగింది. తలుపు దగ్గర బూట్లు విప్పుకుంటున్నాను.

“టాక్సీల్లో పెట్టారా?”

“కేసెట్టు సరిగ్గా పడ్డం లేదట.”

“ఎవరికీనా?”

“ఎవరికీ.”

ఆవిడ సంకటి ఇంకో రెండు తిప్పులు కలిపింది. తర్వాత, పొయ్యితో చెబుతున్నట్టు అంది: “ఇన్నేళ్ళుగా ఆ వీధిలో అరిచాను, గాల్లో కలిసిపోయింది. వాడొక్కడు పట్టి దాచాడు. ఎవరూ వినకుండానే పోతుందంటే బాధగా ఉందయ్యా.”

నేను బూటు లేసు ముడి విప్పుతూనే ఉన్నాను. అందులో ముడి లేదు.

ఫ్యాక్టరీలు మూసే వారం వచ్చింది. గురువారం పొద్దున, స్టాండులో బారు పాములా మెలికలు తిరిగి ఉంది. నా బండి నిండుతోంది. పసుపు బూట్లు ఎక్కాయి. పైన చూస్తే మాజ్వానే, చర్చికి కట్టుకునే తలగుడ్డతో. ఆవిడకి టౌనులో ఏం పనో నాకు తెలుసు: దికెలెది రమ్మంది. ఏదో ఒకటి తేల్చి చెప్పేస్తానంది. వెనక బండికి ఆగొచ్చు. ఆగలేదు. బారులో తన వంతుకి ఏ బండి వస్తే ఆ బండి ఎక్కింది, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. నన్ను పలకరించలేదు. చార్జీ భుజాల మీదుగా ముందుకొచ్చింది, అందరి చార్జీతో పాటు ఆవిడదీ వచ్చింది. ముందు సీట్లో వాడు లెక్కచూసి నా చేతిలో పోశాడు.

నా పెట్టె కేసెట్టు మోగుతోంది.

“డ్రైవరన్నా, ఇది టాక్సీయా, శవాల బండా?” అన్నాడు వెనకనుంచి ఒకడు. “డిసెంబరయ్యా బాబూ, కాస్త పండగ పాట పెట్టు.”

రెండో వరసలో లావాటి ఆవిడ వెనక్కి తిరిగింది. “అమ్మా, మీరు ఈలమ్మగారు కాదూ? మీ పాటేదో వస్తుందన్నారు, ఏ బండిలోనూ వినపడదేం?”

“కేసెట్టు పడ్డం లేదటమ్మా,” అంది మాజ్వానే. అంతే. గొంతులో వెటకారం లేదు. ఉంటే బావుండేది.

బండి హైవే ఎక్కింది. అద్దంలో ఆవిడ కిటికీలోంచి గనుల పసుపు మట్టి దిబ్బల్ని చూస్తోంది. అప్పుడు వినపడింది. నేల రేకు మీద బూటు చప్పుడు. ఎవరికీ వినిపించాలని కాదు, మనసులో ఏదో నడుస్తుంటే కాళ్ళకి తెలియకుండా పడే చప్పుడు. నా పెట్టె ఒక దారిన పోతోంది, ఆ కాళ్ళు ఇంకో దారిన పోతున్నాయి. నా పాట వినపడుతున్నా అవి అందులోకి రావడం లేదు. నేను గేరు మార్చాను. కాళ్ళు మారలేదు. చెయ్యి చాపి నా కేసెట్టు ఆపేశాను. ఇంజను, ఆ కాళ్ళు. మిగతా దారంతా అంతే.

టౌన్లోకి వచ్చాక ఆవిడ అంది:

“ఆ సిగ్నల్ దగ్గర ఆపండి, డ్రైవరు గారూ.”

డ్రైవరు గారూ. గౌరవంగానే అంది. బండి ఆపాను. తలుపు లాగారు, ఆవిడ దిగి రోడ్డు దాటింది. నా వెనక హారన్లు మోగుతుంటే కూడా కాసేపు అక్కడే ఉన్నాను.

టౌను స్టాండులో అందరూ దిగాక సీటు కింద చెయ్యి పెట్టాను. స్పానరు తగిలింది, గుడ్డ తగిలింది, తర్వాత కేసెట్టు. తలుపులన్నీ తీసి, చెవులు పగిలేట్టు పెట్టాను.

మసోంబుకా తన బండి మీద కూర్చుని తింటున్నవాడల్లా తినడం ఆపేశాడు. నా వంక చూశాడు. ఏమీ అడక్కుండా లోపలికి దూరి తన కేసెట్టు పెట్టాడు. వాడి వెనకవాడు, వాడి వెనకవాడు. స్టాండు ఈ చివర నుంచి ఆ చివర దాకా మా ఆవిడే. “ఆగవయ్యా బుంగానే!” ఒక బండిలో అయ్యేసరికి ఇంకో బండిలో మొదలు. టొమాటోలమ్మే వాళ్ళు బుట్టలు పక్కనబెట్టి వరసలు కట్టారు. తిరుగు ప్రయాణంలో నా బండి నిండా జనం. మొదటిసారి ఆవిడ “ఆగవయ్యా” అనగానే నా కాలు దానంతటది బ్రేకు మీద పడింది. హైవే మీద, పదిహేనుమందీ ఒకరి ఒళ్ళో ఒకరు. ఎవరూ తిట్టలేదు. రెండోసారికి అందరూ కలిసి అరిచారు, నా చెవిలో, నా బండిలో, నా పేరు పెట్టి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాజ్వానే వంటింట్లో ఉంది.

“దికెలెది ఆ ఇంకో పాట వినిపించింది,” అంది. “మంచి పాటే. సోమవారం చెబుతానంది. నేను తిరిగొచ్చేటప్పుడు స్టాండులో ఏదో మోగుతోంది.”

“మోగుతోంది.”

“ఎలా ఉంది?”

“పెట్టె ఇంకాస్త ఉంటే బావుండేది.”

ఆవిడ “ఊఁ” అంది. గంటె పెట్టి వడ్డించింది. మొదటి పళ్ళెం పెరట్లోకి వెళ్ళింది. రెండోది నాకు. కేసెట్టు ఇన్నాళ్ళూ ఎందుకు పడలేదో, ఇవాళెందుకు పడిందో అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక కథ చెప్పి ఉండేవాణ్ణి, అందుకే అడగలేదనుకుంటాను.

సోమవారం సాయంత్రం లేఫా గది పైకప్పు మీదెక్కి అరిచాడు. రేకు ఒకటి కిందికి వంగింది. అది ఇప్పటికీ అలాగే ఉంది, వానొస్తే కారుతుంది, బాగుచేయనివ్వడు.

ఖోజావాళ్ళ పెళ్ళి శనివారం. గేదెంత ఎద్దుని కోశారు, జొన్న బీరు డ్రమ్ములు వీధి పొడుగునా. స్టాండులో టాక్సీలన్నీ వచ్చి వీధికి రెండు పక్కలా నిలబడ్డాయి. తలుపులన్నీ బార్లా తీసి, మసోంబుకా చెయ్యి ఊపగానే అన్నిట్లోనూ ఒకేసారి ఆ పాట. నేల అదిరింది. పక్క వీధిలో ఓ ముసలమ్మ పక్షవాతంతో పడి ఉన్నది లేచి కూర్చుందని చెప్పుకున్నారు. నేనైతే లేచి చప్పట్లు కొట్టిందనే చెబుతాను. దికెలెది మంచి బూట్లు వేసుకొచ్చి మట్టిలో పాడుచేసుకుంది. వధూవరులకి ముందు రెండు వరసలు, వరసలకి ముందు మాజ్వానే, పసుపు బూట్లతో, విజిలు పళ్ళ మధ్య బిగించి.

నేను ఖోజావాళ్ళ గేటు దగ్గర ఉన్నాను, టోపీతో, పెట్టెతో. ఎవరూ వాయించమనలేదు, ఎవరూ వద్దనలేదు. వాయిస్తున్నాను. అన్ని స్పీకర్ల మధ్య నాకే వినపడటం లేదు. వరసలు గేటు దాకా వచ్చాయి. పాటలో ఆ చోటు వచ్చింది. వీధి వీధంతా, పిల్లాజెల్లా, పెళ్ళికొడుకుతో సహా, ఒక్క గొంతుతో: “ఆగవయ్యా బుంగానే!”

ఆగాను.

డ్రమ్ము ఆగింది. ఎర్రమట్టి మీద కాళ్ళు మాత్రం మిగిలాయి. అవి పడుతున్న తీరు చూస్తే నేను అంతవరకు వాయించిందంతా గొంతు సవరించుకోవడమే అనిపించింది. అప్పుడు మాజ్వానే విజిలు నోట్లోంచి తీసి, నా వైపు తిరిగి, ఆ పాత నవ్వు నవ్వింది. చెయ్యి చాపి రమ్మంది. నేను పెట్టె గేటుకి తగిలించి వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆవిడ పక్కన అడుగు కలిపాను.

ఇప్పటిదాకా చెప్పిందాంట్లో నేను కల్పించింది ఈ చివరి ముక్క ఒక్కటే. రైలు గురించి కాదు, ముసలమ్మ గురించి కూడా కాదు. మాజ్వానే నా వైపు చూడలేదు. ఆవిడకి తీరికెక్కడిది? ముందు వరసలో ఖోజావాళ్ళ చిన్నది ఎడమకాలు ఒక పిసరు ఆలస్యంగా వేస్తోంది, ఆవిడ కళ్ళన్నీ ఆ కాలి మీదున్నాయి. వరసలు నన్ను దాటి పందిట్లోకి వెళ్ళిపోయాయి. నేను గేటు దగ్గరే, మూసిన పెట్టె చంకలో పెట్టుకుని, ఆ పిల్ల ఎడమకాలిని చూసి కుళ్ళుకుంటూ నిలబడ్డాను.